తోడేళ్ల పక్షాన కాలేబు

కాలేబు తన జన్మలో తోడేలును చూడలేదు. రేపల్లె దగ్గర వాళ్ల ఊళ్లో అన్నం తినని పిల్లల్ని బెదిరించడానికి బూచాడే సరిపోయేవాడు, తోడేలు దాకా వెళ్లాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఇక అతను ఏళ్ల తరబడి ఉంటున్న బహ్రెయిన్‌లో తోడేలు అన్నదే లేదు. అయినా తోడేళ్ల ప్రాణాల కోసం పోరాడుతున్న తెలుగువాడు గల్ఫ్ మొత్తంలో ఒక్కడున్నాడంటే అది కాలేబే.

అది మూడేళ్ల కిందట ఒక శుక్రవారం మధ్యాహ్నం ఫోన్లో మొదలైంది. ఎక్కడో మంచు దేశం. హెలికాప్టర్ నుంచి తోడేళ్లను కాలుస్తున్నారు. ఒకటి పరుగెత్తుతూ పరుగెత్తుతూ ఆగి వెనక్కి తిరిగి పైకి చూసింది. అంతే, వీడియో అయిపోయింది. సల్మానియా ఆస్పత్రిలో నర్సుగా చేసే అతని భార్య దీవెన డ్యూటీ నుంచి వచ్చేసరికి కాలేబు సోఫాలో కూర్చుని ఏడుస్తున్నాడు.

"ఏమైందండీ? ఊరి నించి ఫోనొచ్చిందా?" అంది చెప్పులు విప్పకుండానే.

"తోడేలుని చంపేశారు దీవెనా."

"ఎవరి తోడేలుని?"

ఆ ప్రశ్నకు అతను చాలాసేపు బాధపడ్డాడు. ఎవరిదీ కాకపోవడం వల్లే కదా దాన్ని చంపారు అనుకున్నాడు. ఆ వారమే ఆ దేశంలో తోడేళ్ల కోసం నడుస్తున్న ఒక సంఘంలో చేరాడు. దాన్ని నడిపేది మార్గరెట్ అనే రిటైరైన టీచరు.

కాలేబు ఎం.ఏ. ఇంగ్లీషు. ఏసీలు బిగించే కంపెనీలో స్టోరు చూస్తాడు. రాగి గొట్టాలూ, ఫిల్టర్లూ వచ్చాయనీ, పోయాయనీ రాయడానికి తప్ప ఆ ఇంగ్లీషుతో అక్కడ ఎవరికీ పని లేదు. మేనేజరు అతన్ని పేరుతో కూడా పిలవడు. "స్టోర్, ఇధర్ ఆవ్" అంటాడు. అలాంటి మనిషిని సంఘం వాళ్లు బహిరంగ విచారణల్లో వీడియో ద్వారా మాట్లాడమన్నారు. "ఇప్పుడు బహ్రెయిన్ నుంచి మిస్టర్ కేలెబ్" అని పిలిస్తే అతను చొక్కా గుండీలు సర్దుకుని, బీరువాకు వేలాడే తువ్వాలు కనపడకుండా కెమెరా జరుపుకుని, గొంతు సవరించుకునేవాడు. మాట్లాడుతున్నంతసేపూ ఎవరూ అడ్డుపడేవాళ్లు కాదు. అడ్డుపడకుండా విన్న మనుషులు అతని జీవితంలో అంతకు ముందు లేరు.

అవతలి పక్షాన వన్యప్రాణుల అధికారి ఒకాయన ఉండేవాడు, పెద్ద టోపీ, మెత్తటి గొంతు. తోడేళ్లను చంపడాన్ని ఆయన ఎప్పుడూ చంపడం అనేవాడు కాదు. "ఇది కక్ష కాదు, నిర్వహణ" అనేవాడు. "మిగతా మార్గాలన్నీ చూశాకే" అనేవాడు. "ప్రజల భద్రత విషయంలో మేం రాజీపడలేం" అనేవాడు. ఒక్కొక్క మాటకూ జవాబు చెప్పాలి గనక కాలేబు ఆయన ప్రసంగాలన్నీ కంఠస్థం పట్టాడు. రాత్రి భోజనాల దగ్గర దీవెన ముందు ఆయన గొంతుతో మాట్లాడి, మళ్లీ తన గొంతుతో ఖండించేవాడు. దీవెన పచ్చడి కలుపుకుంటూ వినేది. రెండు పక్షాల్లో ఎవరు గెలిచినా ఆమె గిన్నెలు ఆమే కడుక్కోవాలి.

వాళ్లు ప్రార్థనకు వెళ్లే తెలుగు క్రైస్తవ సహవాసంలో కూడా ఈ సంగతి పొక్కింది. శుక్రవారం ప్రార్థనలో ఎవరికి ఏ అవసరముందో చెప్పుకునే సమయం ఉంటుంది. ఒకరికి వీసా, ఒకరికి మోకాలు నొప్పి, ఒకరికి కొడుకు పరీక్ష. కాలేబు లేచి, వచ్చే వారం ఒక దేశంలో తోడేళ్లను కాల్చబోతున్నారనీ, ఆ అధికారుల మనసు మారేటట్టు అందరూ ప్రార్థించాలనీ కోరాడు.

సహవాసం పెద్ద జీవరాజు గారు నెమ్మదైన మనిషి. కళ్లజోడు తీసి తుడుచుకుని అన్నారు, "కాలేబు గారూ, మనం గొర్రెల పక్షమండీ. మొదట్నించీ అంతే."

"తోడేలూ గొర్రెపిల్లా కలిసుండే రోజు వస్తుందని పోయిన నెల మీరే చెప్పారు కదండీ."

"వస్తుందన్నాను. వచ్చిందన్లేదు." జీవరాజు గారు కళ్లజోడు పెట్టుకున్నారు. "సరే, అధికారుల కోసం ప్రార్థన చేద్దాం. అధికారుల కోసం ఎప్పుడు చేసినా మంచిదే."

ఆ తర్వాత సహవాసంలో కుర్రాళ్లు అతన్ని 'తోడేళ్ల కాలేబు గారు' అనడం మొదలుపెట్టారు. అతను కోపగించుకోలేదు. 'స్టోర్' అనిపించుకోవడం కంటే అది నయమనిపించింది. మార్గరెట్ కొరియర్లో ఒక టీషర్టు పంపింది. గుండె మీద తోడేలు ముఖం, కింద 'బతకనివ్వండి' అన్న మాట. సెలవురోజు అది తప్ప ఇంకోటి తొడిగేవాడు కాదు.

వాళ్లు హమద్ టౌన్‌లో అబూ హసన్ అనే పెద్దాయన ఇంట్లో మేడ మీద అద్దెకుంటున్నారు. అబూ హసన్ కింద ఉంటాడు. పెరట్లో రేకుల కొట్టంలో నాలుగైదు గొర్రెల్ని సాకుతాడు. పెరటి గోడ అవతల ఖాళీ స్థలం. ఆ చలికాలం ఎక్కణ్ణించో నాలుగు వీధికుక్కలు వచ్చి అక్కడ మకాం పెట్టాయి. ఎర్రగా, పొడుగు కాళ్లతో ఉన్నది వాటికి పెద్ద. నైట్ డ్యూటీ చేసి తెల్లవారాక బస్సు దిగిన దీవెన వెంట అవి గేటు దాకా వచ్చేవి. ఆమె వాటికేసి చూసేది కాదు, రాయి తీసేది కాదు. డబ్బాలో రొట్టె మిగిలి ఉంటే గోడ పక్కన పెట్టి వెళ్లిపోయేది.

కాలేబు మాత్రం వాటిని చూస్తే అవతలి పక్కకు వెళ్లేవాడు. "వాటికో పద్ధతి లేదు దీవెనా. తోడేలుకి కుటుంబముంటది, హద్దుంటది, మర్యాదుంటది. ఇవి ఊరికే వీధిలో తిరిగే రకం" అన్నాడు ఒకసారి.

"వాటికీ వీధుంది కదండీ, హద్దుకి" అంది దీవెన.

ఒక సెలవురోజు సాయంత్రం కాలేబు వీధి చివర కోల్డ్ స్టోర్ అనే చిల్లర కొట్లో వేడివేడి ఖుబూసు రొట్టే, కాల్చిన కోడీ కొనుక్కుని వస్తున్నాడు. నాలుగు కుక్కలూ లేచి నిలబడ్డాయి. కోడి వాసనకు లేచాయో, ఇంకెందుకు లేచాయో. సంఘం పుస్తకంలో పెద్ద అక్షరాలతో ఉంటుంది: పరుగెత్తవద్దు, వీపు చూపవద్దు, నెమ్మదిగా వెనక్కి నడవండి. ఆ పేజీ కాలేబు బహ్రెయిన్‌లో కూర్చునే దిద్దాడు. అయినా వీపు చూపించాడు, పరుగెత్తాడు. ఎర్రది అతని పిక్క పట్టుకుంది. ఇంకొకటి టీషర్టు లాగింది. ఖుబూసు రోడ్డు మీద పరుచుకుంది, కోడి వాటి పాలయింది. అబూ హసన్ కర్ర తీసుకుని బయటికి వచ్చేసరికి కాలేబు గేటు పట్టుకుని వేలాడుతున్నాడు. టీషర్టు వెనక భాగం లేదు. ముందు తోడేలు మాత్రం చెక్కుచెదరకుండా ఉంది.

ఆస్పత్రిలో సూదులు వేయించి ఇంటికి తెచ్చాక దీవెన అతని కాలు ముక్కాలిపీట మీద పెట్టి కట్టు మార్చింది.

"పరిగెత్తకూడదని మీరే కదా అందరికీ చెప్తుంటారు?"

"అది తోడేళ్లకి."

ఆమె నవ్వు ఆపుకుంది. ఆపుకున్న సంగతి అతనికి తెలిసింది. పిక్క కంటే అదే ఎక్కువ సలిపింది.

పది రోజులు తిరక్కుండా కుక్కలు అబూ హసన్ కొట్టంలో దూరాయి. ఒక మూల రేకు ఊడిపోయి ఉంది. తెల్లవారి చూస్తే రెండు గొర్రెలు చచ్చిపడి ఉన్నాయి. అందులో ఒకటి ఆయన మనవరాలు పాలసీసాతో పెంచినది. ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని ఎక్కిళ్లు పెడుతోంది. అబూ హసన్ పైకి వచ్చి, కాలేబు ఎదురుగా కూర్చుని, తనకు వచ్చిన హిందీలో మాట్లాడాడు.

"భాయ్, నువ్వు తోడేళ్ల మనిషివి. పెద్ద పెద్ద దేశాల వాళ్లు నిన్ను పిలిచి అడుగుతారు. నాకు ఒక దారి చెప్పు."

కాలేబుకు దారులు తెలుసు. చుట్టూ గట్టి వల, రాత్రంతా వెలిగి ఆరే దీపం, ఊడిన రేకు బిగించడం, కోడి ఎముకలు వీధిలో పారేయకపోవడం. తోడేళ్లకు దూరంగా గొర్రెల్ని కాచుకోవడానికి ఉన్న మార్గాలన్నీ అతను మూడేళ్లుగా ప్రపంచానికి చెబుతున్నవే. అవన్నీ నోటి దాకా వచ్చాయి. అదే సమయానికి కాలు కింద పెట్టబోయాడు. పిక్క చురుక్కుమంది.

"వాటిని తీసెయ్యాలి. మొత్తం" అన్నాడు.

"తీసెయ్యడమంటే?"

"అంటే... నిర్వహణ."

అబూ హసన్‌కు ఆ మాట అర్థం కాలేదు గాని, చెప్పిన తీరుకు ధైర్యం వచ్చింది. వచ్చే వారం ఈ కుక్కల సంగతి మీదే ఇళ్లవాళ్లతో సమావేశముందనీ, జంతువుల డాక్టరమ్మ వస్తుందనీ, అక్కడ కాలేబు తమ తరఫున మాట్లాడాలనీ అన్నాడు. కాలేబు ఒక్క క్షణం కూడా బెట్టు చేయలేదు.

ఆయన దిగి వెళ్లాక దీవెన వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. "మీరు చెప్పే ఆ దీపాలూ వలలూ ఇక్కడ పన్చెయ్యవా?"

"అది వేరు దీవెనా. అక్కడ సమస్య లోతుగా చూడాలి."

"ఇక్కడ?"

"ఇక్కడ కుక్కలు కరుస్తున్నాయి."

"అక్కడ తోడేళ్లు ముద్దు పెట్టుకుంటన్నాయా?" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

సమావేశం ఒక చిన్న హాల్లో జరిగింది. వీధి వాళ్లు, పిల్లల్ని బడికి పంపడానికి భయపడుతున్న తల్లులు, ఇద్దరు ముగ్గురు గొర్రెల వాళ్లు వచ్చారు. గహ్వా కాఫీ తిప్పుతున్నారు. డాక్టరమ్మ చిన్న వయసుది, నల్లటి అబాయా మీద మెడలో గుర్తింపు కార్డు వేసుకుని, అందరి మాటలూ ఓపిగ్గా వింటోంది. అబూ హసన్ లేచి, తన పక్కన కూర్చున్నవాడు మామూలు మనిషి కాడనీ, అమెరికా వాళ్లకు తోడేళ్ల గురించి చెప్పే పెద్ద నిపుణుడనీ అరబ్బీలో పరిచయం చేశాడు. హాలంతా తలలు తిప్పి చూసింది. కాలేబు కట్టు ఉన్న కాలు కొంచెం ముందుకు పెట్టి నిలబడ్డాడు.

ఇంగ్లీషు చక్కగా వచ్చింది. ఇది కక్ష కాదన్నాడు. నిర్వహణ అన్నాడు. మిగతా మార్గాలన్నీ చూశాకే ఈ మాట అంటున్నామన్నాడు, ఒక్క మార్గమూ చూడకుండానే. ప్రజల భద్రత విషయంలో రాజీపడలేమన్నాడు. సమస్యాత్మకమైన జంతువులను శాశ్వతంగా తొలగించడమే శాస్త్రీయమైన పద్ధతన్నాడు. గొంతు మెత్తగా, బరువుగా, ఎక్కడా తొణక్కుండా సాగింది. ఆ గొంతు ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాడు. సగం ప్రసంగంలో తెలిసింది. టోపీ ఒక్కటే తక్కువ.

చప్పట్లు కొట్టారు. గొర్రెల వాళ్లలో ఒకాయన లేచి వచ్చి చెయ్యి కలిపాడు. మంచు దేశంలో మూడేళ్లు మాట్లాడినా అతనికి ఎవరూ అలా చెయ్యి కలపలేదు.

అప్పుడు డాక్టరమ్మ చిరునవ్వుతో అతనికేసి చూసి ఇంగ్లీషులోనే చెప్పడం మొదలుపెట్టింది. "మీ బాధ అర్థమైంది సార్. కాలెలా ఉంది? మేం వీటిని చంపం. జాలి ఒక్కటే కాదు కారణం, చంపితే పని జరగదు. ఈ నాలుగూ పోతే ఖాళీ అయిన చోటికి..."

'కొత్తవి వస్తాయి' అనుకున్నాడు కాలేబు మనసులో.

"...కొత్తవి వస్తాయి. గుంపులో పెద్దదాన్ని తీసేస్తే..."

'మిగతావి చెదిరిపోయి, అదుపు లేక ఇంకా నష్టం చేస్తాయి.'

ఆమె సరిగ్గా అదే చెప్పింది. ఆమె ఒక వాక్యం మొదలుపెడితే అతను లోపల పూర్తి చేస్తున్నాడు. ఎక్కడ ఉదాహరణ వస్తుందో, ఎక్కడ ఆగాలో కూడా అతనికి తెలుసు. ఒకచోట ఆమె చిన్న విషయం మరిచిపోతే అందించబోయి పెదవి కొరుక్కున్నాడు.

అబూ హసన్ మోచేత్తో పొడిచాడు. "జవాబు చెప్పు భాయ్."

కాలేబు లేచి నిలబడ్డాడు. ఆ వాదానికి జవాబు లేదు. జవాబంటూ లేకుండా మూడేళ్లు కష్టపడి దాన్ని చెక్కినవాళ్లలో తనూ ఒకడు. "డాక్టరు గారు చెప్పింది... ఆలోచించాల్సిన విషయమే" అని కూర్చున్నాడు. చెయ్యి కలిపిన గొర్రెలాయన ఇంకోవైపు చూశాడు.

తర్వాత పనులు పద్ధతిగా జరిగాయి. బోను పెట్టి నాలుగింటినీ పట్టుకెళ్లారు. ఆపరేషన్లు చేసి, టీకాలు వేసి, గుర్తుకు చెవి కొస కత్తిరించి, గాయాలు మానాక తెచ్చి అదే స్థలంలో వదిలారు. డాక్టరమ్మ స్వయంగా వచ్చి కొట్టం ఎలా బాగుచేయాలో అబూ హసన్‌కు చూపించింది. ఆయనకు నడుం నొప్పి. నిచ్చెన ఎక్కాల్సింది కాలేబే. శుక్రవారం పొద్దున్నే ఎక్కి, వల లాగి, తీగ చుట్టి, దీపం బిగించాడు. అతను పైన ఉన్నంతసేపూ ఎర్రకుక్క గోడ అవతల ఎండలో పడుకుని అతన్నే చూస్తోంది. అతను కూడా దాన్నే చూస్తూ, రెండుసార్లు సుత్తితో వేలి మీద కొట్టుకున్నాడు.

దీవెన కిటికీలోంచి ఫొటో తీసింది. అందులో నిచ్చెన మీద కాలేబు, కొత్త వల, వెనక గోడ అవతల నుంచి ప్రశాంతంగా చూస్తున్న కుక్క అన్నీ అందంగా పడ్డాయి. పనిచేసేటప్పుడు పాత బట్టలు వేసుకున్నాడు గనక ఒంటి మీద ఆ టీషర్టే ఉంది. ముందు వైపు మాత్రమే కనబడుతోంది. దీవెన దాన్ని తెలుగు సహవాసం వాట్సాప్‌లో పెట్టింది. ఆ వారమే మార్గరెట్, క్రూరజంతువులతో కలిసి బతుకుతున్న సభ్యులెవరైనా ఉంటే ఫొటోలు పంపమని అందరినీ అడిగింది. కాలేబు ఒక రోజంతా ఆలోచించాడు. రెండో రోజు పంపాడు. ఫొటో మాత్రమే పంపాడు, ఒక్క మాట కూడా రాయలేదు. రాయకపోతే అబద్ధం కాదు కదా అనుకున్నాడు.

మాటలు వాళ్లే రాసుకున్నారు. స్వయంగా కాటుకు గురై కూడా ఆ జంతువుల ప్రాణాల పక్షాన నిలబడ్డ మనిషి అన్నారు. ఊరి సమావేశంలో మాట్లాడి జనాన్ని ఒప్పించాడన్నారు. కాటు సంగతీ, సమావేశం సంగతీ వాళ్లకు తెలిసింది దీవెన వల్లే. సంఘం పేజీలో ఆ ఫొటో కింద ఎవరో అడిగితే ఆమె అమాయకంగా 'ఆయన్ని కరిచింది ఇదే, దీని గురించి మీటింగులో మాట్లాడారు' అని రాసింది. ఏం మాట్లాడాడో రాయలేదు.

సంఘం వీడియో సమావేశంలో ఇరవై మంది తెల్లజుట్టు వాళ్లు అతనికి చప్పట్లు కొట్టారు. మార్గరెట్ కళ్లు తుడుచుకుంది. ఆ పక్కన కెమెరాకు అందకుండా దీవెన యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది. కాలేబు కృతజ్ఞతలు చెప్పాడు, వినయంగా రెండే మాటల్లో. అంత తక్కువ మాట్లాడటం అదే మొదటిసారి. కంప్యూటర్ మూసి, భార్య ఏదైనా అంటుందని ఎదురుచూశాడు.

"చారు వెచ్చబెట్టమంటారా?" అంది ఆమె.

"నువ్వేం అన్లేదే."

"ఏమంటాను? కుక్కలు బతికినయ్యి, గొర్రెలు బతికినయ్యి. మీకు పేరొచ్చింది. ఇంట్లో ఎవరికీ నష్టం లేదు." ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "వాటికి తెలిస్తే ఏమనుకుంటాయో గానీ."

పేరు వచ్చింది నిజమే. అది సంఘంతో ఆగలేదు. చెవులు కత్తిరించిన కుక్కలు మళ్లీ వీధిలో కనబడేసరికి, వీటిని వెనక్కి తెప్పించింది మేడ మీది ఇండియా ఆయనేనని వీధంతా తేల్చేసింది. సమావేశంలో చప్పట్లు కొట్టినవాళ్లకు కూడా చివర్లో అతను డాక్టరమ్మ మాటకు తలూపడమే గుర్తుంది. అవి కాలేబు కుక్కలయ్యాయి. ఎవరి చెప్పు పోయినా, ఎవరి చెత్తసంచి చిరిగినా గేటు దగ్గరికొచ్చి అతన్నే పిలిచేవారు. అబూ హసన్ కూడా "నీ ఎర్రది నిన్న నా కారు మీదెక్కి పడుకుంది భాయ్" అంటాడు, కోపం లేకుండా, అల్లుడి మీద ఫిర్యాదు చేసినట్టు.

ఆఖరికి జీవరాజు గారే వచ్చారు, ఒక శుక్రవారం ప్రార్థన తర్వాత, దీవెనను ఇంటి దగ్గర దింపడానికి. కారు ఆగగానే నాలుగూ చుట్టూ చేరి మొరిగాయి. దీవెన దిగి, వాటి మధ్యనుంచే నడిచి గేటు లోపలికి వెళ్లిపోయింది. జీవరాజు గారు దిగలేక అద్దం వేలెడంత దించి పిలిచారు.

"కాలేబు గారూ, మీ కుక్కల్ని కొంచెం అటు పిలుచుకోండి."

ఆ వారం ప్రార్థనకు వెళ్లని కాలేబు గేటు లోపలే ఉన్నాడు. దీవెన లోపలికి రాగానే మళ్లీ గొళ్లెం వేశాడు. "నా కుక్కలు కాదండీ" అనబోయాడు. ఆ మాట ఈ నెలలో ఎంతమందితో అన్నా ఎవరూ వినలేదు. ఎర్రది తల తిప్పి గేటు వైపు చూసింది. అతను గొళ్లెం మరోసారి చూసుకున్నాడు.

"భయపడకండి జీవరాజు గారూ. వాటికి టీకాలేశారు, ఏం చెయ్యవు. మనం పరిగెత్తకపోతే అవీ ఊరుకుంటాయి. వీటిని తీసేస్తే కొత్తవొస్తాయి, అవింకా కష్టం. వీటికైతే మన వీధి తెలుసు, మనుషులు తెలుసు..." ఇంగ్లీషులో మూడేళ్లు చెప్పినదంతా తెలుగులో ఇంత తేలిగ్గా వస్తుందని అతననుకోలేదు. రెండు చేతులతో గేటు ఊచలు పట్టుకుని, గొళ్లెం తియ్యకుండా, చివరి దాకా చెప్పాడు.

"అంతా బానే ఉంది గానీ, ఒకసారి బయటికొచ్చి చెప్పండి" అన్నారు జీవరాజు గారు.